పొద్దుగూకే దిక్కు

"మీ దేశం మనిషి ఒకావిడ వచ్చింది. ఏం పెట్టినా ముట్టడం లేదు. నువ్వు వెళ్ళి మాట్లాడి చూడు" అని హెడ్ నర్సు చెబితే విమలకుమారి వెళ్ళి చూసింది. కిటికీ పక్కన మంచం మీద కూర్చున్న ముసలావిడ ఏ మూలనుంచి చూసినా ఇండియా మనిషిలా లేదు. పిడికెడు మొహం, చప్పిడి ముక్కు, సన్నటి కళ్ళు. నెరిసిన జుట్టుని వెనక్కి లాగి రేగుపండంత ముడి వేసుకుంది. బర్మా ఆవిడేమో అనుకుంది విమల. కాకినాడలో తన చిన్నప్పుడు బర్మాలోని రంగం నుంచి తిరిగొచ్చిన వాళ్ళ ఇళ్ళల్లో అలాంటి మొహాలు చూసిన గుర్తు. ఎందుకైనా మంచిదని హిందీలో పలకరించింది.

ముసలావిడ ఉలిక్కిపడి తలెత్తి, గబగబా జవాబు చెప్పడం మొదలుపెట్టింది. అది హిందీయే. కానీ ఢిల్లీ హిందీ కాదు, సినిమా హిందీ కాదు, బీహారు పల్లెల్లో ఆడవాళ్ళు బావి దగ్గర మాట్లాడుకునే మాట. పెళ్ళికి ముందు విమల కొన్నేళ్ళు బీహారులో మిషన్ ఆసుపత్రిలో పనిచేసింది. మర్చిపోయాననుకున్న ఆ యాస ఇల్లినాయిలో, నేపర్‌విల్ ఊరి చివర ఒక నర్సింగ్ హోములో, ఈ చప్పిడి ముక్కు ముసలావిడ నోట్లోంచి వినబడేసరికి విమల కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది.

"మీవాళ్ళు ఏ ఓడలో వచ్చారు?" అని అడిగింది ముసలావిడ.

"ఓడ కాదు నానీ. విమానంలో వచ్చాను. ఇక్కడి ఆసుపత్రి వాళ్ళు పిలిపించుకున్నారు."

"ఎన్నేళ్ళ కంట్రాక్టు?"

"మొదట రెండేళ్ళే అన్నారు. ఆ తర్వాత ఉండిపోయాం."

"అందరూ అంతే" అంది ముసలావిడ. పళ్ళు లేని నోటితో నవ్వింది. "మా అమ్మది ఐదేళ్ళు."

ఆ పూట విమల తన డబ్బాలో తెచ్చుకున్న అన్నం, చింతపండు పులుసు ఆవిడకి పెట్టింది. ఆవిడ వేళ్ళతో కలుపుకుని మెతుకు మిగల్చకుండా తిన్నది.

పేరు వాగియెం. విమల ఆవిడని నానీ అనే పిలిచేది, ఆవిడ విమలని బేటీ అనేది. మధ్యాహ్నం డ్యూటీలో కాస్త తీరిక దొరికినప్పుడల్లా మంచం పక్కన కూర్చుంటే ఆవిడ కథ ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. వాగియెం తల్లి జావా ద్వీపంలో పుట్టింది. పెళ్ళీడు దాటుతున్న వయసులో సంతకి వెళ్తే, మంచి తలపాగా చుట్టుకున్న దళారీ ఒకడు నీ చేతికి గాజులు పడే చోటు చూపిస్తానని తీసుకువెళ్ళి కాగితం మీద వేలిముద్ర వేయించాడు. మెడలో నంబరు బిళ్ళ కట్టి ఓడ ఎక్కించారు. అది ఆవిడని దించింది జావాలో ఇంకో ఊళ్ళో కాదు, భూమికి అవతలి వైపున, దక్షిణ అమెరికా నెత్తిన, సురినాం అనే చిన్న దేశంలో. డచ్చివాళ్ళ చెరుకు తోటలు. నల్లవాళ్ళని బానిసత్వం నుంచి విడిచిపెట్టాక ఆ తోటలకి కూలీలు కావలసివచ్చారు. బీహారు నుంచి కొందరిని, జావా నుంచి కొందరిని తెచ్చుకున్నారు. ఐదేళ్ళు నిండాక తిరుగు ఓడ ఎక్కే హక్కు ఉందన్నారు. ఆ హక్కు వదులుకుంటే కాస్త నేల ఇస్తామన్నారు. వాగియెం తల్లి అప్పటికే కడుపుతో ఉంది. నేలే పుచ్చుకుంది. వాగియెం ఆ తోటలోనే పుట్టింది. పక్క మడి బీహారు వాళ్ళది. అలా వచ్చింది ఆవిడకి ఆ భాష.

"అమ్మ ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది" అంది వాగియెం ఒకరోజు. "ఎన్ని మర్చిపోయినా పొద్దుగూకే దిక్కు మర్చిపోవద్దు, అటు మన ఇల్లుంది అని."

జావా నుంచి చూస్తే మక్కా పడమట ఉంటుంది. అందుకని అక్కడి వాళ్ళు పడమటికి తిరిగి నమాజు చేస్తారు, పోయినవాళ్ళని కుడి పక్కకి వత్తిగించి మొహం పడమటికి పెట్టి పూడుస్తారు. ఓడ దిగిన వాళ్ళు సురినాంలోనూ అలాగే చేశారు. అక్కడినుంచి మక్కా తూర్పున ఉందన్న సంగతి వాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళు చాలా ఏళ్ళ తర్వాత, వాగియెంకి పెళ్ళయిన కొత్తలో వచ్చి చెప్పారు. మీరు ఇన్నాళ్ళూ దేవుడికి వీపు పెట్టి మొక్కుతున్నారన్నారు. సగం ఊరు తూర్పుకి తిరిగింది. సగం ఊరు, మా నాన్న చూపించిన దిక్కు మాకు చాలు అని పడమటే ఉండిపోయింది. ఇక ఒకరింట్లో ఒకరు భోజనం చేయడం మానేశారు. ఒకరి శవాన్ని ఒకరు మోయడం మానేశారు.

వాగియెం మొగుడు తూర్పు వైపు వెళ్ళాడు. ఆవిడ వెళ్ళలేదు.

"ఒకే గదిలో ఇద్దరం. ఆయన అటు, నేను ఇటు. వంగినప్పుడు నడుములు తగిలేవి" అని చెప్పి నవ్వింది. "పోట్లాటేం లేదు బేటీ. మంచివాడే. పిల్లల్నే పంచుకోవలసి వచ్చింది."

కూతురు సుమినా తండ్రి పక్కన నిలబడేది. కొడుకు పార్మిన్ తల్లి పక్కన. పార్మిన్‌కి మీసం మొలుస్తున్న రోజుల్లో ఊళ్ళో కొందరు సొంతంగా ఓడ మాట్లాడుకున్నారు, తాతల దేశానికి తిరిగి వెళ్ళిపోదామని. వాగియెం తమ్ముడు ఒకడు తన సంసారంతో బయలుదేరాడు. మొగుడు కదలనన్నాడు. కొడుకునైనా ముందు పంపిద్దాం, రెండో ఓడలో మొగుడికి నచ్చజెప్పి మనం వెళదాం అనుకుంది వాగియెం. రేవులో కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి పంపించింది. రెండో ఓడ కుదరనేలేదు. దిగినచోట అడవి కొట్టుకుని బతుకుతున్నారని కొన్నాళ్ళు కబుర్లు వచ్చాయి. అక్కడ తిరుగుబాట్లు జరుగుతున్నాయని తెలిసింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు.

ఇంటికి వచ్చాక ఒక ఆదివారం విమల తన కూతురు రేణు బల్ల మీదున్న గ్లోబు తిప్పించి చూసింది. సురినాం ఎక్కడ, జావా ఎక్కడ. రేణు రెండు చూపుడువేళ్ళు రెండు చోట్ల పెట్టి, "ఎటు వెళ్ళినా ఆల్మోస్ట్ సేమ్ మమ్మీ. కరెక్ట్‌గా ఆపోజిట్ సైడ్ ఉంది" అంది. "ఎందుకు?"

విమల గ్లోబుని ఇంకాస్త తిప్పి బర్మా మీద వేలు పెట్టింది. తన తండ్రి రంగంలో రేవు కూలీ. జపాను బాంబులు పడ్డప్పుడు అడవుల్లో పడి నడిచివచ్చిన వాళ్ళల్లో ఆయన లేడు. నడిచివచ్చిన వాళ్ళెవరూ ఆయన్ని ఎక్కడ చివరిసారి చూశారో గట్టిగా చెప్పలేదు. తల్లి బతికినన్నాళ్ళూ ఆయన ఎక్కడో ఒకచోట పూడ్చబడి ఉంటే చాలు, పైన మట్టి ఉంటే చాలు అనేది. విమలకి పిల్లలు ఇంట్లోంచి స్కూలు బస్సు ఎక్కినా ఇప్పటికీ గుండె దడే. కారు ఆలస్యమైతే కిటికీ దగ్గరే నిలబడి ఉంటుంది.

వాగియెం మంచం తూర్పు గోడకేసి ఉండేది. సాయంత్రం నమాజు వేళకి ఆవిడ మెడ తిప్పలేక అవస్థ పడుతోందని చూసి, విమల బ్రేకులు తీసి మంచాన్ని కిటికీ వైపు తిప్పింది. కిటికీ బయట కార్ పార్కింగ్, దాని అవతల మొక్కజొన్న కోసేసిన చేలు, ఆపైన ఎర్రటి పొద్దు. ఆవిడ అటే చూస్తూ పెదవులు కదిపింది.

ఆ మర్నాడు కూతురు వచ్చింది. సుమినా నలభై దాటిన మనిషి. హాస్పిటల్ లాబ్‌లో పని చేస్తుంది. బాక్సైటు గనుల్లో పనిచేయడానికి సురినాం వచ్చిన అమెరికన్ ఇంజనీరుని చేసుకుని ఇక్కడికి వచ్చింది. ఆయన కొన్నేళ్ళకి వదిలేసి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి తలకి గుడ్డ కట్టుకుని దగ్గర ఊళ్ళోని మసీదుకి వెళ్ళడం పట్టుకుంది. అక్కడివాళ్ళు పాకిస్తాన్ వాళ్ళు, హైదరాబాదు వాళ్ళు. తండ్రి పోయి చాలాకాలమైంది. సురినాంలో సైనికులు గద్దె ఎక్కి మనుషుల్ని కాల్చేస్తున్నారని విన్నాక తల్లిని తెచ్చుకుంది. తీరా తెచ్చుకున్నాక తల్లికి కడుపులో రాచపుండు బయటపడింది.

సుమినా గుమ్మంలో నిలబడి మంచం కేసి చూసింది. వచ్చి బ్రేకులు తీసి మంచాన్ని మళ్ళీ తూర్పుకి తిప్పింది. తల్లి కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత వరండాలో సుమినా విమలని ఆపింది.

"మంచం మూవ్ చేసింది నువ్వేనా?"

"ఆవిడకి కంఫర్టబుల్‌గా ఉంటుందని..."

"ప్లీజ్, నెక్స్ట్ టైం నన్ను అడుగు" అంది సుమినా. గొంతు పెంచలేదు. కోపంకన్నా అలసట ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

శీతాకాలం ముదిరేకొద్దీ వాగియెం చిక్కిపోయింది. అన్నం పులుసు కూడా పక్కకి నెట్టేసేది. మార్ఫిను మత్తులో ఒక్కోసారి విమలని వాళ్ళమ్మ అనుకునేది. తెలివిగా ఉన్న ఒక మధ్యాహ్నం విమల చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇంకా చేలో పనిచేసిన మనిషి పట్టే.

"నన్ను పెట్టినప్పుడు నా మొహం పొద్దుగూకే వైపు ఉండేలా చూడు."

"మీ అమ్మాయి చూసుకుంటుంది నానీ."

"అది వాళ్ళ నాన్న కూతురు. నువ్వు చూడు." కాసేపు ఊపిరి తీసుకుంది. "దేవుడి సంగతి నాకు తెలీదు బేటీ. ఆయన ఎటునుంచైనా చూస్తాడు. నా కొడుకు నేను అటు చూస్తుంటానని నమ్మి ఓడెక్కాడు. అటు చూస్తూ ఉంటానని వాడికి చెప్పాను. నేను వేరే వైపు తిరిగి పడుకుంటే వాడు నన్నెక్కడ వెతుక్కుంటాడు?"

విమల సరేనంది. రోగులకి సరే అనడం నర్సులకి అలవాటే. కానీ ఈ సరే ఆ రకం కాదని ఆవిడకి తెలుసు.

ఇంటికి వచ్చి భర్త సుందర్ రాజ్‌తో చెప్పింది. ఆయన షికాగో రైలు దిగి, బూట్ల మంచు దులుపుకుని అప్పుడే కూర్చున్నాడు. ఆయనా భయస్థుడే, కానీ ఆయన భయాలు వేరే రకం.

"మనకెందుకు విమలా ఇవన్నీ. వాళ్ళది ఫ్యామిలీ మేటర్, పైగా రిలిజియన్ మేటర్. కూతురు కంప్లైంట్ చేసిందంటే జాబ్ పోతుంది. సూ చేస్తే ఇల్లు కూడా పోతుంది."

"చావబోయే మనిషి అడిగింది."

"అడుగుతారు. మా నాన్న కూడా అడిగాడు, నేను వెళ్ళగలిగానా?" అని ఆయన ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు.

అయినా విమల సుమినాని కాంటీన్‌లో పట్టుకుని అడిగింది. సుమినా కాఫీ కప్పు చుట్టూ చేతులు పెట్టుకుని వింది. విన్నాక తండ్రి సంగతి చెప్పింది. తండ్రి పోయినప్పుడు తల్లి తరఫు బంధువులు, అందరూ పడమటి వాళ్ళు, ఇంటి కంచె బయట నిలబడ్డారు. తూర్పుకి పెట్టే శవాన్ని మేం మోయం అన్నారు. వానాకాలం. తూర్పు వాళ్ళల్లో మగవాళ్ళు సగంమంది పట్నంలో ఉన్నారు. పాడె ఎత్తడానికి నలుగురు చాలక సుమినా తనే ఒక కొమ్ము పట్టుకుంది. బురదలో కాలు జారింది. పాడె ఒక పక్కకి ఒరిగి, గుడ్డలో చుట్టిన తండ్రి భుజం బయటికి వచ్చింది. కంచె బయటివాళ్ళు చూస్తూ నిలబడ్డారు. వాళ్ళల్లో ఓడెక్కకుండా ఉండిపోయిన ఇంకో సొంత మేనమామ కొడుకులు ఉన్నారు.

"అమ్మ కంచె లోపలే ఉంది. కానీ వాళ్ళని ఒక్క మాట అనలేదు" అంది సుమినా. "ఇప్పుడు నేను అమ్మని పడమటికి పెడితే, ఆ రోజు వాళ్ళు చేసింది కరెక్ట్ అయిపోతుంది. ఐ కాంట్ డూ దట్. పైగా ఇక్కడ కుదరదు కూడా. మసీదు వాళ్ళు సెమెటరీలో కొంత ప్లేస్ కొన్నారు. వరసలన్నీ ముందే కొలిచి పెట్టారు. మొహాలన్నీ ఒకే దిక్కు."

ఆ దిక్కు ఈశాన్యం. నేపర్‌విల్ నుంచి మక్కాకి దగ్గర దారి అదేనని మసీదు పెద్దలు లెక్కగట్టారు. విమలకి ఆ మాట వినగానే ఏదోలా అనిపించింది. కాకినాడలో తన పక్కింటి హిందువులు దేవుడి మూల అని ఈశాన్యంలో చెప్పులు కూడా పెట్టేవారు కాదు. అంత మంచి దిక్కులోకి చూస్తూ పడుకోవడానికి ఈ ముసలావిడకి ఏం అభ్యంతరం ఉంటుందా అని తనకి తాను సర్దిచెప్పుకోబోయింది. కుదరలేదు.

వాగియెం డిసెంబరులో ఒక తెల్లవారుజామున పోయింది. విమల డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. సుమినా కుర్చీలో కూర్చుని ఉంది, కళ్ళు పొడిగా ఉన్నాయి. ఊరికే, "నహలాయించడానికి ఆడవాళ్ళు కావాలి. నాకు ఇక్కడ మావాళ్ళెవరూ లేరు. నువ్వు వస్తావా?" అని అడిగింది. స్నానం చేయించడానికి అనే ఆ మాటని మసీదులో నేర్చుకుంది కాబోలు.

ఫ్యూనరల్ హోము వెనక గదిలో స్నానం చేయించారు. మసీదు నుంచి జుబేదా అనే ఆవిడ వచ్చింది. హైదరాబాదు మనిషి, విమల తెలుగావిడ అని తెలియగానే తెలుగులోకి దిగింది. చేతులు ఆగకుండా పనిచేస్తూ, గొంతు తగ్గించి మాట్లాడుతూనే ఉంది.

"నీళ్ళు ఇంకొంచెం వేడి చెయ్యమ్మా, ముసలామె కదా, సల్లగ తాకొద్దు. మీరు కిరస్తానోళ్ళా? అయితే ఏమైతది, చెయ్యి సాఫ్‌గ ఉంటే చాలు. మా దిక్కు ఈ పెట్టెలు గిట్ట ఉండవు. మట్టిలనే పండవెడ్తరు. ఈడ కౌంటీవోళ్ళు పెట్టె లేకుంటే ఒప్పుకోరంట. ఏం జేస్తం, వాళ్ళ దేశం."

విమల నీళ్ళు అందించింది. ఎముకల గూడులాంటి ఆ ఒళ్ళు చూస్తుంటే తన తల్లి గుర్తొచ్చింది. మూడు తెల్ల గుడ్డలు చుట్టి, తల దగ్గర, నడుం దగ్గర, కాళ్ళ దగ్గర కట్టారు. అక్కడి పనివాడు సాయం పట్టి పెట్టెలో పెట్టాడు. కుడి పక్కకి వత్తిగించి, వీపు వెనక చుట్టిన తువ్వాళ్ళు దోపారు. మామూలు పలకల పెట్టె. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. ఎటు తలో తెలిసేలా ఒక కొసకి కాగితం చీటీ అతికించారు.

మూత వేసే ముందు సుమినా, "నన్ను కాసేపు అమ్మతో ఉండనివ్వండి" అంది. విమల, జుబేదా బయటికి వచ్చి మంచులో నిలబడ్డారు. లోపల పనివాడి గొంతు ఏదో అడగడం, సుమినా జవాబు చెప్పడం వినిపించాయి. తర్వాత మూత మేకులు బిగించిన చప్పుడు.

శ్మశానం దారి పొడుగునా మంచు కురుస్తూనే ఉంది. మసీదు వాళ్ళ స్థలం ఒక మూలన, చెట్టూ చేమా లేని చోట. కొద్ది సమాధులే ఉన్నాయి. ఆడవాళ్ళు గొయ్యి దగ్గరికి రాకూడదన్నారు. సుమినా జుబేదా కారులోనే కూర్చుంది, తల వంచుకుని. మగవాళ్ళు గొయ్యి చుట్టూ చేరి, పారలతో అంచున పడ్డ మంచుని తోస్తున్నారు. విమల తన కారు శవాల బండి వెనకే ఆపింది కాబట్టి దాని పక్కనే నిలబడి ఉంది.

బండి నడిపి తెచ్చినవాడు కొత్త కుర్రాడు. మూత బిగించినవాడు వేరే, ఫ్యూనరల్ హోములోనే ఉండిపోయాడు. ఈ కుర్రాడు వెనక తలుపు తెరిచి, పెట్టె కొసలు రెండూ తడిమి చూశాడు. చీటీ తడిసి ఎక్కడో రాలిపోయింది. చుట్టూ చూశాడు. తెలిసిన మొహం విమలదే.

"మేడమ్, తల ఎటు?"

లోపలి కొసే తలని, ఎక్కించేటప్పుడు చీటీ చూసిన విమలకి తెలుసు. గొయ్యి కేసి చూసింది. ఈశాన్యానికి మొహం ఉండాలంటే తల ఆగ్నేయం కొసకి రావాలి. అదే పెట్టెని తిరగేసి పెడితే మొహం సరిగ్గా నైరుతికి ఉంటుంది. నడి చలికాలంలో ఇక్కడ పొద్దు పడమట గూకదు, నైరుతికి జరిగి గూకుతుంది. నర్సింగ్ హోము కిటికీలోంచి ఆవిడ రోజూ చూసిన పొద్దు అక్కడే ఉంటుంది. ఇవన్నీ విమల అప్పటికప్పుడు లెక్కవేసుకోలేదు. కొన్ని రోజులుగా పడుకున్నా లేచినా ఆ దిక్కులే ఆవిడ బుర్రలో తిరుగుతున్నాయి. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. ఇప్పుడు ఎవరో తలుపు తీసి పట్టుకున్నట్టుంది.

చిన్నప్పటి నుంచి ఆవిడ అబద్ధమాడితే మొహం మీదే తెలిసిపోయేది. కానీ మంచులో అందరి మొహాలూ ఒకేలా బిగుసుకుపోయి ఉన్నాయి.

"అటు" అని కాళ్ళ వైపు కొస చూపించింది.

కుర్రాడు తలూపి మగవాళ్ళని పిలిచాడు. వాళ్ళు పెట్టె ఎత్తుకుని, ఆ కొస ముందుంచి తీసుకువెళ్ళారు. తాళ్ళు పట్టి దించారు. నమాజు చదివారు. మట్టి గడ్డకట్టి రాళ్ళలా ఉంది. పెట్టె మీద పడుతుంటే తలుపు కొడుతున్నట్టు చప్పుడు. విమల మనసులో తన సొంత ప్రార్థన చేసుకుంది, క్షమించమని. ఎవరిని అడుగుతోందో స్పష్టంగా తెలియలేదు. నానీ, నీకిచ్చిన మాట నిలబెట్టాను అనుకుంది. తండ్రి రంగం వెళ్ళాక మొదటిసారి, ఎవరినో సరిగ్గా సాగనంపినట్టు అనిపించింది.

జుబేదాకి ఇంట్లో పని ఉందంటే సుమినాని ఇంటిదగ్గర దింపే పని విమల తీసుకుంది. రోడ్డు మీద ఉప్పు చల్లే బండ్లు తిరుగుతున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సుమినా అద్దంలోంచి బయటికి చూస్తూ మొదలుపెట్టింది.

"నువ్వు అమ్మకి మాట ఇచ్చావని తెలుసు. అమ్మ చెప్పింది. నీకు ఒకటి చెప్పాలి. కానీ నువ్వు ఎవరికీ చెప్పకూడదు. జుబేదాకి అస్సలు వద్దు."

విమల స్టీరింగ్ పట్టుకుని వింటోంది.

"పోయే ముందు అమ్మ నన్ను పార్మిన్ అనుకుంది. ఓడ వచ్చిందా అని అడిగింది. వచ్చిందమ్మా, ఎక్కేశాను అని చెప్పాను. వాడి గొంతు పెట్టి చెప్పాను. ఎంత సంతోషించిందో." సుమినా చేతి తొడుగు తీసి మళ్ళీ వేసుకుంది. "ఇంక నాన్న గురించి, వాళ్ళ గురించి నాకు పట్టలేదు. పొద్దున్న మీరు బయటికి వెళ్ళాక ఆ పనివాడి సాయంతో అమ్మని ఎడమ పక్కకి తిప్పాను. తువ్వాళ్ళు అటునుంచి తీసి ఇటు పెట్టాం. తల తల దగ్గరే ఉంది, ఎవరికీ అనుమానం రాదు. మొహం మాత్రం అటు. పొద్దుగూకే వైపు. నీకు మనశ్శాంతిగా ఉంటుందని చెబుతున్నాను."

సిగ్నల్ మారింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. విమల కారు కదిలించలేకపోయింది.

"విమలా? గ్రీన్."

ఆవిడ కదిలించింది. నోరు తెరిచింది. పెట్టె, కుర్రాడు, తన వేలు, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఒకరి తిప్పు మీద ఇంకొకరి తిప్పు పడి, ముసలావిడ మొహం మసీదు వాళ్ళు మొదట ఎటు పెట్టాలన్నారో సరిగ్గా అటే, ఈశాన్యానికే, వెళ్ళి ఆగింది. వెళ్ళి తవ్వించమంటే? మసీదు వాళ్ళకి ఏమని చెప్పాలి? కూతురు తిప్పిందనా, తను తిప్పాననా? కౌంటీ ఆర్డరు, కోర్టు, సుందర్ రాజ్ మొహం, సుమినాని ఆ ఉన్న కాస్త మసీదు కూడా వెలివేయడం. మట్టి ఇప్పటికే బిగిసి ఉంటుంది. పక్కన సుమినా చాలా రోజుల తర్వాత వెనక్కి వాలి కూర్చుంది. కళ్ళు మూసుకుంది. నిద్రపట్టేలా ఉంది.

"మంచి పని చేశావు" అంది విమల.

ఇంటికి వచ్చాక సుందర్ రాజ్ అంతా సజావుగా జరిగిందా అని అడిగాడు. జరిగిందంది. అన్నం సయించలేదు. రేణు స్కూలు నుంచి రావడం ఆలస్యమైతే ఎప్పటిలా కిటికీ దగ్గర నిలబడింది. పిల్ల వచ్చి లోపలికి వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడి ఉంది.

మంచు కరిగి నేల మెత్తబడ్డాక రాయి పెట్టించారు. సుమినా అప్పటినుంచి సెలవు రోజుల్లో విమలని వెంటబెట్టుకుని వెళ్ళడం అలవాటు చేసుకుంది. తనకి కారు ఉంది, ఒక్కతే వెళ్ళగలదు. కానీ ఆ రహస్యం తెలిసిన మనిషి పక్కన ఉంటే ఆమెకి ధైర్యం. ప్రతిసారీ దారిలో విమల చెప్పేద్దామనుకునేది. ప్రతిసారీ సుమినా ఏదో ఒక మాట చెప్పి ఆవిడ నోరు మూయించేది. ఒకసారి, రాత్రిళ్ళు నిద్రపడుతోంది ఇప్పుడు, అంది. ఇంకోసారి, తమ్ముడి కోసం ఇండోనేషియా ఎంబసీకి ఫోన్ చేశాను, చూద్దాం, అంది.

ఆ రోజు ఎండ బాగా కాసింది. సుమినా పూలు తెచ్చింది, ఒక సీసాలో నీళ్ళు తెచ్చింది. మిగతా సమాధుల వాళ్ళు వచ్చి నిలబడే వైపు కాకుండా, అందరికీ వ్యతిరేకంగా నైరుతి వైపుకి వెళ్ళి గడ్డిలో చతికిలబడింది. నీళ్ళు చిలకరించి, పూరేకులు తుంచి చల్లి, జావా మాటల్లో ఏవో కబుర్లు మొదలుపెట్టింది. మధ్యమధ్య చిన్నపిల్లలా నవ్వుతోంది. విమల రాయికి ఇవతలి పక్కనే, ఈశాన్యం వైపు, ఆగిపోయింది. ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

సుమినా తలెత్తి చూసింది.

"అక్కడెందుకు నిలబడ్డావు? అమ్మ వీపు వెనక ఉండిపోతావు. ఇటు రా, ఇక్కడైతే మనల్ని చూస్తుంది."

విమల ఒక్క క్షణం ఆ చిన్న మట్టి దిబ్బ కేసి చూసింది. తర్వాత చీర కుచ్చెళ్ళు కూడదీసుకుని, చుట్టూ తిరిగి వచ్చి సుమినా పక్కన కూర్చుంది. సుమినా ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళమ్మ వీపుకేసి చూస్తూ కబుర్లు చెబుతూనే ఉంది.